పంటికి మూడు మైక్రాన్లు

వంద మిల్లీమీటర్ల వ్యాసమున్న మైల్డ్ స్టీల్ రాడ్డును బ్యాండ్ సా మీద పెట్టి కోస్తున్నామనుకుందాం. బ్లేడు నిమిషానికి 60 మీటర్ల వేగంతో పోతోంది. పంటికీ పంటికీ మధ్య దూరం సుమారు 5 మిల్లీమీటర్లు. మూడు నిమిషాల్లో రాడ్డు రెండు ముక్కలైంది. ఇంతవరకూ తెలిస్తే చాలు, ఒక్కొక్క పన్ను ఎంత మందం లోహాన్ని చెక్కిందో కాగితం మీద లెక్క కట్టవచ్చు. నిమిషానికి 60,000 మిల్లీమీటర్ల బ్లేడు దాటిపోతే, ఐదు మిల్లీమీటర్లకొకటి చొప్పున 12,000 పళ్ళు దాటిపోయినట్టు. అదే నిమిషంలో బ్లేడు కిందికి దిగింది 33 మిల్లీమీటర్లు. భాగించి చూడండి. పంటికి 0.0028 మిల్లీమీటరు, అంటే దాదాపు మూడు మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది. అందులో ఇరవయ్యో వంతు కూడా లేని పొరను ఒక్కో పన్ను లేపుతూ పోతే, మూడు నిమిషాలకు రాడ్డు తెగుతుంది.

బాలానగర్ లోనో, జీడిమెట్లలోనో, విజయవాడ ఆటోనగర్ లోనో ఏ ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు వెళ్ళినా బ్యాండ్ సా గురించి వినిపించే ఫిర్యాదు ఒక్కటే: "బ్లేడు మంచిది కాదు." కోత వంకర పోయినా అదే మాట, పళ్ళు ఊడినా అదే మాట, బ్లేడు తెగినా అదే మాట. వెంటనే కొత్త బ్లేడు తెప్పిస్తారు. కొత్త బ్లేడుకు పదునెక్కువ కనుక వారం రోజులు అంతా బాగున్నట్టే ఉంటుంది. తర్వాత పాత కథే. ఎందుకంటే చాలాసార్లు బ్లేడు చెడిపోవడం రోగం కాదు, లక్షణం. రోగం ఎక్కడుందో పట్టుకోవాలంటే రెండు ప్రశ్నలు చాలు. పంటి వాటాకు ఎంత లోహం వస్తోంది? ఆ పన్ను ఉండాల్సిన చోటే ఉందా? ఈ అధ్యాయమంతా ఆ రెండు ప్రశ్నలే.

అంతులేని రంపం

మామూలు రంపం ముందుకు పోయేటప్పుడే కోస్తుంది, వెనక్కి వచ్చేటప్పుడు ఊరికే వస్తుంది. రంపాన్ని రిబ్బనులా చేసి, కొసలు కలిపి, రెండు చక్రాల మీద తిప్పితే ఆ వృథా ఉండదు. ఈ ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లండులో విలియం న్యూబెరీ 19వ శతాబ్దం తొలి దశకంలోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. అయినా యంత్రం దశాబ్దాలపాటు పనికి రాలేదు. కొసలు కలిపిన అతుకు చక్రం మీద వంగి వంగి తెగిపోయేది. 1846లో ఫ్రాన్సులో ఆన్ పోలిన్ క్రెపాన్ అనే మహిళ ఆ అతుకు నిలిచే పద్ధతికి పేటెంటు పొందింది. ఆ తర్వాతే బ్యాండ్ సా కార్ఖానాల్లోకి వచ్చింది, అదీ కట్టె కోయడానికి. లోహం కోసే బ్యాండ్ సా విస్తృతంగా వాడుకలోకి వచ్చింది 1930లలో. అమెరికాలో లైటన్ విల్కీ తయారుచేసిన డూఆల్ యంత్రాలు అందుకు దారి వేశాయి.

నేడు షెడ్లలో ఎక్కువగా కనిపించేది బై మెటల్ బ్లేడు. దీని వీపు స్ప్రింగ్ స్టీలు. వంగినా విరగదు. అంచున మాత్రం హైస్పీడ్ స్టీలు తీగను ఎలక్ట్రాన్ కిరణంతో అతికి, అందులో పళ్ళు కోస్తారు. ఎం42 రకమైతే అందులో దాదాపు 8 శాతం కోబాల్టు ఉంటుంది. రాక్‌వెల్ సి కొలతలో పంటి కాఠిన్యం 67 నుంచి 69 దాకా ఉంటే, వీపుది 50 ప్రాంతంలో ఉంటుంది. కోసే గుణం, వంగే గుణం ఒకే ఉక్కులో కుదరవు కాబట్టి ఈ ఏర్పాటు.

పళ్ళన్నీ ఒకే వరుసలో ఉండవు. కొన్ని ఎడమకు, కొన్ని కుడికి కొద్దిగా వంగి ఉంటాయి. దీన్నే సెట్టు అంటారు. 0.9 మిల్లీమీటర్ల మందమున్న బ్లేడు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పు గాడి చేసుకుంటుంది. రెండు పక్కలా మిగిలే ఆ మూడేసి వందల మైక్రాన్ల ఖాళీయే లేకపోతే బ్లేడు తాను చేసిన గాడిలోనే బిగుసుకుపోతుంది. ఆ ఖాళీ ఒక పక్కన తగ్గినా, కోత ఆ మేరకు దారి తప్పుతుంది.

కోసిన ముఖాన్ని చదవడం

అన్నిటికంటే ఎక్కువగా వినబడే సమస్య వంకర కోత. ఇక్కడ చాలామంది నేరుగా, బ్లేడును నిలిపి పట్టే గైడ్ల బోల్టుల మీద పడతారు. అంతకుముందు ఐదు నిమిషాలు వెచ్చించి ఒక పరీక్ష చేయాలి. గుండ్రటి రాడ్డు కొసను ఒకసారి కోసి పారేయండి. రాడ్డును తిప్పకుండా ముందుకు జరిపి, పది పన్నెండు మిల్లీమీటర్ల మందంతో ఒక బిళ్ళ కోయండి. అది ఊడిపడకముందే పైభాగం ఎటో మార్కరుతో గీత పెట్టుకోండి. ఇప్పుడు వెర్నియర్ తో పైన, కింద, ముందు, వెనక నాలుగు చోట్ల మందం చూడండి. తర్వాత మిగిలిన రాడ్డు ముఖం మీద మూలమట్టం ఆనించి, ముఖం చదునుగా ఉందా, గుంటపడి లేదా ఉబ్బి ఉందా గమనించండి.

బిళ్ళ మందం నాలుగు చోట్లా సమానంగా ఉండి, రాడ్డు ముఖం మాత్రం మూలమట్టానికి ఏటవాలుగా ఉంటే, బ్లేడు తన పని తాను చక్కగా చేసింది. తప్పు అమరికది. ముఖం అడ్డంగా, అంటే వైస్ ముందు దవడ నుంచి వెనక దవడ వైపుకు వాలి ఉంటే, స్థిరంగా ఉండాల్సిన దవడ బ్లేడుకు లంబంగా లేదు. వైస్ బోల్టు వదులు చేసి మూలమట్టంతో సరిచూసి బిగిస్తే సరిపోతుంది. ముఖం నిలువునా, పై నుంచి కిందికి వాలి ఉంటే, గైడ్ల మధ్య బ్లేడు నిట్టనిలువుగా లేదు. యంత్రం ఆపి, మూలమట్టాన్ని బెడ్ మీద నిలబెట్టి బ్లేడు పక్కకు ఆనించండి. సెట్టు ఉన్న పళ్ళకు తగలకుండా వీపు భాగానికి ఆనించాలి. వెలుతురు ఒక కొసన కనిపిస్తే గైడును ఆ మేరకు తిప్పాలి.

ముఖం వంపు తిరిగి ఉంటే కథ వేరు. కోత మొదట్లో సరిగానే వెళ్ళి, నడుమకు వచ్చేసరికి పక్కకు జారిందన్నమాట. అమరికలో తప్పుంటే తొలి మిల్లీమీటరు నుంచే కనిపించాలి. మధ్యలో పుట్టిన తప్పు అమరికది కాదు, బ్లేడు నిలదొక్కుకోలేకపోయింది. వంద మిల్లీమీటర్ల రాడ్డులో కోత పొడవు మొదట్లో కొద్ది మిల్లీమీటర్లే. నడుమకు వచ్చేసరికి పూర్తిగా వంద. అక్కడ ఏకకాలంలో ఇరవై పళ్ళు లోహంలో ఉంటాయి. ఆ ఇరవైని నొక్కడానికి కావలసిన బలానికి బ్లేడు వెనక్కి వంగుతుంది. వంగిన పట్టీ ఏదో ఒక పక్కకు మెలి తిరుగుతుంది.

అలా వంగకుండా ఆపేవి రెండే: బ్లేడు బిగువు, గైడ్ల దగ్గరితనం. రెండోది ఉచితంగా దొరుకుతుంది. కదిలే గైడు ఆర్మును చివరి మూలకు తోసి, యాభై మిల్లీమీటర్ల రాడ్డును కూడా అలాగే కోయడం చాలా షెడ్లలో అలవాటు. ఆధారాల మధ్య దూరం రెట్టింపయితే పట్టీ వంగుడు ఎనిమిది రెట్ల వరకూ పెరగగలదు. పని ముక్కకు ఎంత దగ్గరగా తేగలిగితే అంత దగ్గరకు గైడును తెచ్చి బిగించాలి.

ఇక బిగువు. బై మెటల్ బ్లేడుకు సాధారణంగా చదరపు మిల్లీమీటరుకు 170 నుంచి 210 న్యూటన్ల వరకూ బిగువు కావాలి. 27 మిల్లీమీటర్ల వెడల్పు, 0.9 మందం ఉన్న బ్లేడు అడ్డకోత వైశాల్యం 24 చదరపు మిల్లీమీటర్లు. చదరపు మిల్లీమీటరుకు 200 చొప్పున వేసుకుంటే దాదాపు 500 కిలోల లాగుడు. చక్రం మీద పైపట్టీ, కిందపట్టీ రెండూ లాగుతాయి కనుక చక్రం ఇరుసు మోసేది ఒక టన్ను. వేలితో బ్లేడును నొక్కి చూసి "బాగానే బిగిసింది" అనుకోవడం ఎంత నమ్మదగ్గదో దీన్నిబట్టి ఊహించవచ్చు. బిగువు కొలిచే గేజీలు చేసేదల్లా బ్లేడు ఎంత సాగిందో చూడడమే. ఉక్కు గుణం ప్రకారం ఈ బిగువుకు మీటరుకు ఒక మిల్లీమీటరు సాగుతుంది. ఉక్కు 20 డిగ్రీలు వేడెక్కితే మీటరుకు పావు మిల్లీమీటరు తనంతట తానే సాగుతుంది. అంటే స్ప్రింగు గానీ హైడ్రాలిక్ సర్దుబాటు గానీ లేని, ఉత్త మరతో బిగించే యంత్రంలో, పొద్దున సరిపెట్టిన బిగువులో నాలుగో వంతు మధ్యాహ్నానికి కరిగిపోగలదు. గంట పని తర్వాత మరోసారి బిగువు చూసుకోవాలనే నియమం ఇందుకే. సాయంత్రం వదులు చేయమనడానికి కారణం దీనికి తిరగేసినది: చల్లారిన బ్లేడు కుంచించుకుపోయి రాత్రంతా చక్రాలను, బేరింగులను లాగుతూనే ఉంటుంది.

బిగువు, గైడ్లు, అమరిక మూడూ సరిగా ఉన్నా కోత ఎప్పుడూ ఒకే వైపుకు పోతుంటే అప్పుడు బ్లేడును అనుమానించవచ్చు. ఒక పక్క పళ్ళు అరిగి, రెండో పక్క పదునుగా ఉంటే బ్లేడు పదునున్న వైపుకు లాగుతుంది. యంత్రం కరెంటు తీసేసి భూతద్దంతో చూస్తే అరిగిన పళ్ళ మూలలు గుండ్రంగా మెరుస్తుంటాయి. అయితే ఒకే పక్క ఎందుకు అరిగాయో కూడా చూడాలి. పళ్ళు గైడుకు గీసుకుంటున్నాయా, వైస్ దవడకు తగిలాయా, కూలెంట్ గొట్టం ఒక పక్కకే పోస్తోందా? అది తేల్చకుండా కొత్త బ్లేడు వేస్తే దానికీ అదే గతి.

చిప్పు ఏం చెబుతుంది

పంటి వాటాకు ఎంత లోహం వస్తోందన్న మొదటి ప్రశ్నకు జవాబు యంత్రం కింద ట్రేలో పడి ఉంటుంది. చిన్నగా చుట్టుకుని, వెండి రంగులో, పట్టుకుంటే గోరువెచ్చగా ఉన్న చిప్పులు ఆరోగ్యానికి గుర్తు. పొడిలా, ఇనుప రజనులా రాలుతుంటే పళ్ళు కోయడం లేదు, రుద్దుతున్నాయి. మైల్డ్ స్టీలు చిప్పులు మందంగా, గోధుమ రంగులోకో నీలంలోకో మారి వస్తుంటే పళ్ళ మీద భారం, వేడి రెండూ ఎక్కువయ్యాయి.

మెల్లగా కోస్తే బ్లేడు ఎక్కువ కాలం మన్నుతుందనే నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. మన వంద మిల్లీమీటర్ల రాడ్డును మూడు నిమిషాలకు బదులు, బ్లేడు వేగం మార్చకుండా, తొమ్మిది నిమిషాల్లో కోద్దాం. పంటి వాటా మూడు మైక్రాన్ల నుంచి ఒకటికి పడిపోతుంది. ఎంత పదునైన పంటి అంచయినా కొంత వాడాక కొన్ని మైక్రాన్ల మేర గుండ్రబడుతుంది. ఆ గుండ్రదనం కంటే పలచని పొరను లేపడం దానివల్ల కాదు. మొద్దుబారిన కత్తిపీట మీద టమాటాను మెత్తగా అదిమితే తొక్క మీద జారిపోతుందే తప్ప తెగదు. పన్ను కూడా అలాగే లోహం మీద జారుతుంది. పళ్ళు దాటే సంఖ్య మూడింతలైంది, రాపిడి మూడింతలైంది, తెగింది మాత్రం ఆ ఒక్క రాడ్డే.

స్టెయిన్‌లెస్ స్టీలు దగ్గర ఈ తప్పుకు శిక్ష వెంటనే పడుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ నలిగితే గట్టిపడుతుంది. రుద్దిన పొరలో స్ఫటిక నిర్మాణమే మారి, కింద ఉన్న లోహం కంటే చాలా కఠినమవుతుంది. తర్వాత వచ్చే పన్ను ఆ గట్టి పొర మీదే రుద్దుతుంది, అది ఇంకా గట్టిపడుతుంది. కాసేపటికి బ్లేడు కీచుమంటూ తిరుగుతుంది, కోత ముందుకు సాగదు. ఎస్.ఎస్. కోసేటప్పుడు వేగం తగ్గించాలి, నిమిషానికి 30 మీటర్ల దగ్గరకు. కానీ పంటి వాటా తగ్గించకూడదు. వేగం సగమైతే దిగుడు కూడా సగమైతే చాలు, మూడు మైక్రాన్లు మూడుగానే ఉంటాయి. రాడ్డు ఆరు నిమిషాల్లో తెగుతుంది. "మెల్లగా, కానీ గట్టిగా" అని పాత ఆపరేటర్లు అనేది దీన్నే. కోత మధ్యలో ఆగి పళ్ళను లోహం మీదే తిరగనివ్వడం అన్నిటికంటే చెడ్డ పని.

పాలరంగు కూలెంట్ పని చల్లబరచడం ఒక్కటే కాదు. చిప్పు పంటికి అతుక్కోకుండా చూడడం, గాడిలోంచి చిప్పును కడిగేయడం కూడా దాని పనే. అందులో నూనె వాటా సాధారణంగా 5 నుంచి 10 శాతం. కలిపేటప్పుడు నీళ్ళలో నూనె పోయాలి, నూనెలో నీళ్ళు కాదు. మన ఎండాకాలంలో ట్యాంకులో నీళ్ళు ఆవిరై నూనె మిగిలిపోతుంది. మట్టం తగ్గిందని చిక్కటి మిశ్రమమే మళ్ళీ పోస్తే నూనె వాటా పెరుగుతూ పోతుంది. పలచటి మిశ్రమం పోయాలి. చిన్న రిఫ్రాక్టోమీటర్ ఉంటే ఊహతో పనిలేదు. సెలవు తర్వాత షెడ్డు తెరవగానే కుళ్ళిన గుడ్ల వాసన వస్తే ట్యాంకులో బాక్టీరియా చేరింది. పైన తేలే నూనె పొర గాలిని ఆపేయడంతో, ఆక్సిజన్ అక్కర్లేని బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడు విడుదల చేస్తుంది. అప్పుడు పైకి సుగంధం కలపడం వల్ల లాభం లేదు. ట్యాంకు ఖాళీచేసి కడగాలి.

పళ్ళు ఊడితే

అరిగిపోవడం వయసు వల్ల వచ్చేది. ఊడిపోవడం ప్రమాదం. దీనికి అతి సాధారణ కారణం పళ్ళ ఎంపిక. అంగుళానికి నాలుగు పళ్ళున్న బ్లేడులో పళ్ళ మధ్య ఖాళీ 6 మిల్లీమీటర్లకు పైగా ఉంటుంది. దాంతో 3 మిల్లీమీటర్ల గోడ ఉన్న పైపు కోస్తే, పైపు గోడ మొత్తం రెండు పళ్ళ మధ్య గుంటలోకి దూరిపోతుంది. తర్వాత వచ్చే పన్ను పొర లేపడానికి బదులు గోడను ఢీకొంటుంది. కనీసం మూడు పళ్ళు లోహంలో ఉండాలి, ఆరు నుంచి పన్నెండు ఉంటే మేలు అనే సూత్రం ఇందుకే పుట్టింది. పలచటి పైపుల్లో మూడు కూడా కుదరకపోవచ్చు. అప్పుడు 10/14 (అంగుళానికి 10 నుంచి 14 పళ్ళు) లాంటి సన్న పళ్ళ బ్లేడుతో, ఒత్తిడి బాగా తగ్గించి కోయాలి.

సన్న పళ్ళే భద్రమని లావు రాడ్డుకూ అదే వాడితే ఇంకో చిక్కు. పన్ను రాడ్డులో ప్రవేశించిన క్షణం నుంచి బయటపడే దాకా తాను లేపిన చిప్పును గుంటలోనే మోసుకెళ్ళాలి. మూడు మైక్రాన్ల పొరే అయినా 300 మిల్లీమీటర్ల పొడవున లేచి చుట్టుకునేసరికి అసలు లోహం కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. గుంట నిండిపోయాక చిప్పుకు పోయే దారి లేదు. పన్ను పైకి లేస్తుంది, బ్లేడు వంగుతుంది, లేదా పన్ను విరుగుతుంది. లావు ముక్కకు పెద్ద పళ్ళు అనే నియమానికి మూలం గుంటలోని చోటే.

ముక్కను వైస్‌లో పెట్టే పద్ధతి కూడా ముఖ్యమే. యాంగిల్‌ను మూల పైకి వచ్చేలా, ఇంటి కప్పులా బోర్లిస్తే కోత పొడవు మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక రెక్క నిలువుగా, ఒకటి పడుకుని ఉంటే, సన్న రెక్కలో రెండు మూడు పళ్ళతో కోస్తున్న బ్లేడు ఒక్కసారిగా వెడల్పు రెక్క మీద పడుతుంది. రాడ్లను కట్టగా కోసేటప్పుడు వైస్‌లో సరిగా పట్టుపడని రాడ్డు ఒక్కటి ఉన్నా అది పళ్ళతోపాటు తిరుగుతుంది. పళ్ళ వరుస మొత్తం పోవడానికి ఆ ఒక్కటి చాలు. ఒక పన్ను ఊడి గాడిలో పడితే, హైస్పీడ్ స్టీలు ముక్క కనుక, తర్వాతి పళ్ళన్నిటినీ అదే విరగ్గొడుతుంది. ఆపి, దాన్ని తీశాకే కోత కొనసాగించాలి.

చిప్ బ్రష్ చిన్న భాగమే. వంద రూపాయల పనికి బద్ధకించి వేల రూపాయల బ్లేడు పోగొట్టుకునే చోటు కూడా ఇదే. బ్రష్ అరిగితే గుంటలోని చిప్పు ఒక చుట్టు తిరిగి మళ్ళీ కోతలోకి వస్తుంది, నలిగి పంటికి అతుక్కుంటుంది. ఇక కిందికి దిగే వేగాన్ని అదుపు చేసే హైడ్రాలిక్ సిలిండర్లో గాలి చేరితే, బ్లేడు ఒక క్షణం ఆగి ఒక క్షణం జారుతుంది. జారిన క్షణంలో పంటి వాటా మూడు నుంచి ఇరవై మైక్రాన్లు కావచ్చు. నూనె మట్టం చూసి గాలి తీసేయాలి.

బ్లేడు తెగితే

ఉక్కు పట్టీ చక్రం మీద వంగినప్పుడు బయటి ముఖం సాగుతుంది, లోపలి ముఖం నొక్కుకుంటుంది. ఆ సాగుడు పట్టీ మందాన్ని చక్రం వ్యాసంతో భాగిస్తే వస్తుంది. 0.9 మిల్లీమీటర్ల బ్లేడు 400 మిల్లీమీటర్ల చక్రం మీద వంగితే పుట్టే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 450 న్యూటన్లు. బిగువు 200 దీనికి అదనం. మూడున్నర మీటర్ల బ్లేడు 60 మీటర్ల వేగంతో నిమిషానికి 17 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు రెండు వంపులు. గంటకు రెండు వేలు, ఎనిమిది గంటల షిఫ్టుకు పదహారు వేలు. ఒక్కసారి వంచితే విరగని ఉక్కు లక్షసార్లు వంచితే విరగవచ్చు. దీన్నే లోహపు అలసట అంటారు.

చిన్న యంత్రానికి మందం బ్లేడు వేస్తే గట్టిగా ఉంటుందని కొందరు వేస్తారు. 185 మిల్లీమీటర్ల చక్రానికి 0.65 మందమున్న బ్లేడు వేసినప్పుడే వంపు ఒత్తిడి 700. దాని బదులు 0.9 వేస్తే 970 దాటుతుంది. గట్టిదనుకున్నదే ముందు తెగుతుంది.

తెగిన బ్లేడును పారేసే ముందు పగులు ఎక్కడ మొదలైందో చూడాలి. పగులు ముఖంలో కొంత భాగం పాతబడి నల్లగా, నునుపుగా ఉంటుంది. మిగతాది కొత్తగా, గరుకుగా ఉంటుంది. నల్లటిది మొదట పుట్టిన చోటు. అది పంటి గుంట అడుగున ఉంటే బిగువో, దిగుడో మితిమీరింది. వీపు వైపు ఉంటే బ్లేడు వీపును ఆపే బేరింగు పట్టేసి తిరగడం లేదు, లేదా వీపు చక్రం అంచుకు గీసుకుంటోంది. సరిగ్గా అతుకు దగ్గరే తెగితే వెల్డింగు తర్వాత చేయాల్సిన పని చేయలేదు. వెల్డింగు వేడి నుంచి గాలికి చల్లారిన ఉక్కు గాజులా పెళుసవుతుంది. మళ్ళీ మితంగా వేడిచేసి నెమ్మదిగా చల్లార్చితేనే వంగే గుణం వస్తుంది. క్రెపాన్ నాటి సమస్య నేటికీ బ్లేడు కోసి అతికిచ్చే ప్రతి దుకాణంలో రోజూ పరిష్కారం కావలసిందే.

బ్లేడు తెగకుండా చక్రం మీద నుంచి జారి పడిపోతుంటే ముందు బిగువు, తర్వాత చక్రం వాలు, ఆ తర్వాత అరుగుదల చూడాలి. సరిగా ఉన్నప్పుడు వీపు చక్రం అంచుకు దగ్గరగా ఉంటుంది కానీ దానికి ఒరుసుకోదు. ఒరుసుకుంటే చక్రం వాలు కొద్దిగా మార్చి, చేత్తో తిప్పి చూసి, మళ్ళీ మార్చాలి. వాలు సరిచేసేటప్పుడు గైడ్లను వదులు చేసుకోవాలి. లేకపోతే గైడే బ్లేడును ఒక పక్కకు తోస్తూ చక్రం మీద నేరం మోపుతుంది.

చప్పుడును వాచీతో కొలవడం

అదే యంత్రంలో, అదే వేగంతో, ఒకే రకం "టక్" అనే చప్పుడు రెండు వేర్వేరు చోట్ల నుంచి రావచ్చు. చప్పుడుకూ చప్పుడుకూ మధ్య కాలం కొలిస్తే ఎక్కడిదో తెలుస్తుంది. మూడున్నర మీటర్ల బ్లేడు ఒక చుట్టు తిరగడానికి మూడున్నర సెకన్లు. అంత వ్యవధిలో వస్తుంటే అది బ్లేడుదే: అతుకు దగ్గర నునుపు చేయని మిగులు లోహం, లేదా ఊడిన పళ్ళ చోటు. 400 మిల్లీమీటర్ల చక్రం చుట్టుకొలత 1257 మిల్లీమీటర్లు. అది ఒక చుట్టు తిరగడానికి ఒకటింపావు సెకను. ఆ వ్యవధిలో వస్తే చక్రం, దాని ఇరుసు, బేరింగు చూడాలి.

కీచుమనే శబ్దం వేరే జాతి. నిమిషానికి 12,000 పళ్ళంటే సెకనుకు 200. ఒకే దూరంలో ఉన్న పళ్ళు సెకనుకు 200 సార్లు తట్టే తాళానికి యంత్రమో, పని ముక్కో శ్రుతి కలిస్తే కంపనం పెరిగి కోత ముఖం మీద అలలు పడతాయి. 4/6 లాంటి బ్లేడులో పళ్ళ దూరం మారుతూ ఉండేది ఆ శ్రుతి కలవకుండా చేయడానికే. వేగం కొద్దిగా అటో ఇటో మార్చడం, గైడు దగ్గరకు తేవడం కూడా అదే పని చేస్తాయి.

కొత్త బ్లేడు వేసేటప్పుడు

కొత్త బ్లేడు అస్సలు కోయకపోతే ముందు పళ్ళ దిశ చూడండి. పళ్ళు బ్లేడు పోయే వైపుకే చూస్తూ ఉండాలి. లేకపోతే బ్లేడును లోపలిది బయటికి వచ్చేలా తిరగేస్తే సరిపోతుంది. నిన్నటి దాకా బాగున్న యంత్రం, వైరింగు పని జరిగాక కోయడం మానేస్తే మోటారు తిరగబడిందేమో చూడండి. త్రీ ఫేజ్ మోటారుకు రెండు తీగలు తారుమారైతే వెనక్కి తిరుగుతుంది. దాన్ని సరిచేయాల్సింది ఎలక్ట్రీషియన్.

పాత బ్లేడు సగం చేసిన గాడిలో కొత్త బ్లేడు దించకూడదు. అరిగిన సెట్టు చేసిన గాడి ఇరుకు. కొత్త బ్లేడు సెట్టు అందులో పట్టదు. ముక్కను తిప్పి మరో వైపు నుంచి మొదలుపెట్టాలి. తొలి కొన్ని కోతలు మామూలు వేగంతోనే, దిగుడు మాత్రం సగానికి తగ్గించి కోయాలి. కొత్త పంటి అంచు మరీ సన్నం. పూర్తి భారం ఒక్కసారిగా పడితే అంచు చిట్లి, చిట్లిన గరుకుతోనే జీవితాంతం కోస్తుంది. కాసేపు తక్కువ భారంతో కోస్తే ఆ సన్నదనం సమానంగా నునుపై నిలుస్తుంది. అయితే "తక్కువ" అంటే రుద్దేంత తక్కువ కాదు. చిప్పు చుట్టుకుని రావాలి, పొడి రాలకూడదు.

బ్లేడు మార్చేటప్పుడు, చుట్ట విప్పేటప్పుడు మెయిన్ ఆపి తోలు గ్లవుజులు వేసుకోవాలి. యంత్రం తిరుగుతున్నప్పుడు అవే గ్లవుజులు ప్రమాదం. పంటికి చిక్కితే చేతిని లోపలికి లాక్కుపోతాయి. కళ్ళద్దాలు మాత్రం ఎప్పుడూ ఉండాలి.

ఏది ముందు?

వరుస తప్పితే సమస్య తేలదు. ముందు చిప్పు, కోసిన ముఖం, బ్లేడు, ఈ మూడూ చూడాలి. తర్వాత పెద్దగా ఖర్చులేనివి సరిచేయాలి: గైడు దూరం, బిగువు, బ్రష్, కూలెంట్, ముక్క పట్టు. ఆ తర్వాత వేగం, దిగుడు, పళ్ళ ఎంపిక. ఆపైన గైడు కోణం, వైస్, చక్రం. ఇన్ని అయ్యాకే కొత్త బ్లేడు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. నాలుగు బోల్టులు ఒకేసారి తిప్పి కోత బాగుపడితే, ఏ బోల్టు వల్ల బాగుపడిందో తెలియదు. మళ్ళీ చెడినప్పుడు ఆ నాలుగూ తిప్పాల్సిందే.

బాగుపడిందో లేదో చెప్పడానికి ఒక కొలత ఉంది. వంద మిల్లీమీటర్ల రాడ్డును ఒకసారి కోస్తే 78.5 చదరపు సెంటీమీటర్లు కోసినట్టు. బ్లేడు వేసిన తేదీ, కోసిన ముక్కల సైజు, సంఖ్య ఒక నోటుబుక్కులో రాసుకుంటే, ఆ బ్లేడు తీసేసేలోగా మొత్తం ఎన్ని చదరపు సెంటీమీటర్లు కోసిందో కూడిక వేయవచ్చు. బ్లేడు ధరను ఆ సంఖ్యతో భాగిస్తే అసలు ఖర్చు తెలుస్తుంది. చవక బ్లేడు చవకో కాదో, దిగుడు పెంచింది లాభమో నష్టమో, గైడు సరిచేయడం ఫలించిందో లేదో ఆ భాగహారమే తేలుస్తుంది. "బ్లేడు మంచిది కాదు" అనాలంటే ముందు ఆ నోటుబుక్కు తెరవాలి.